ఆర్డరిచ్చాకే పెనం మీద పిండి

"ఈమాక్స్‌లో కీబోర్డుతో నడిచే మెనూ ఒకటి రాసుకున్నాను. నా కంప్యూటర్లో చక్కగా పనిచేస్తోంది. ప్యాకేజీ కట్టి ఫ్రెండ్‌కిస్తే అసలు అలాంటి కమాండే లేదంటోంది. ఎందుకు?" అని ఒక పాఠకుడు అడిగారు. ఇలాంటి ప్రశ్న వస్తే నాకు పండగే. దీని జవాబు దాదాపు మొత్తం ఒకే ఒక్క కామెంట్ లైన్లో ఉంది మరి.

ఈమాక్స్ అంటే టెక్స్ట్, కోడ్ రాసుకునే ఎడిటర్; కొత్త కమాండ్లు మనమే రాసి చేర్చుకోవచ్చు. మెనూ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే గిట్‌ను ఈమాక్స్ లోంచే వాడుకోవడానికి మ్యాజిట్ అనే ప్యాకేజీ ఉంది. అందులో సి నొక్కగానే కింద కమిట్ (మార్పులను నమోదు చేసే) మెనూ తెరుచుకుంటుంది. మళ్లీ సి నొక్కితే కొత్త కమిట్, ఎ నొక్కితే పాత కమిట్‌కు సవరణ. ఏ కీ దేనికో తెరే చెబుతుంది. (మన కంప్యూటర్ క్లాసుల్లో మాత్రం షార్ట్‌కట్లు బట్టీ పట్టించి పరీక్ష పెడతారు!) ఈ మెనూల వెనకున్న లైబ్రరీ ట్రాన్సియెంట్, జోనాస్ బెర్నూలీ రాసింది. 2022లో వచ్చిన ఈమాక్స్ 28 నుంచి ఈమాక్స్‌తో పాటే వస్తోంది.

ఇక అసలు విషయం. టిఫిన్ హోటల్ బోర్డు మీద పెసరట్టు, ఊతప్పం, రవ్వదోశ అని రాసి ఉంటుంది. రాశారు కదా అని తెల్లారేసరికి అన్నీ వేసి పెట్టరు. ఎవరైనా అడిగాకే పెనం మీద పిండి పడుతుంది. ఈమాక్స్‌లో ఆ బోర్డే ఆటోలోడ్. కమాండ్ పైన మూడు సెమికోలన్లు, మూడు హ్యాష్‌లు, వెంటనే ఆటోలోడ్ అని రాస్తారు. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఈమాక్స్ ఈ గుర్తులన్నీ ఏరి ఒక చిన్న ఫైలు తయారుచేస్తుంది. మొదలయ్యేటప్పుడు చదివేది దాన్నే. అప్పటికి కమాండ్ పేరు వెనక కోడ్ ఉండదు, "ఫలానా ఫైల్లో ఉంది" అనే చీటీ ఉంటుంది. తొలిసారి పిలిచినప్పుడు ఆ ఫైలు లోడవుతుంది, చీటీ స్థానంలోకి అసలు ఫంక్షన్ వస్తుంది, నడుస్తుంది. రెండో ఆర్డరుకు పెనం వేడిగానే ఉంటుంది. బోర్డు మీద పేరుండి వంటవాడికి ఆ వంట రాకపోతే? ఫైలు లోడైంది కానీ అందులో ఆ ఫంక్షన్ లేదని ఎర్రర్ ఇస్తుంది.

మన పాఠకుడి సెటప్ ఫైలు బహుశా ఆ మెనూ ఫైలును నేరుగా లోడ్ చేస్తోంది. ఫ్రెండ్ దగ్గర ఆ లైనూ లేదు, బోర్డూ లేదు. ప్రతి ప్యాకేజీకీ సెటప్ ఫైల్లో ఒక రిక్వైర్ లైను (ఆ ప్యాకేజీని వెంటనే లోడ్ చేయమనేది) రాయకపోతే పనిచేయదని ఇంకో మూఢనమ్మకం ఉంది. అలా రాస్తే తెల్లవారకుండానే అన్ని పొయ్యిలూ వెలిగించినట్టే. ఈమాక్స్ తెరుచుకోవడం నెమ్మదిస్తుంది.

గుర్తు పెట్టడంలోనూ ఒక మెలిక ఉంది. గుర్తు కింద మామూలు ఫంక్షన్ ఉంటే ఈమాక్స్ పేరు, వివరణ మాత్రమే తీసుకుంటుంది. తనకు తెలియని మాక్రో (వేరే కోడ్‌గా విస్తరించే కోడ్) ఉంటే మొత్తాన్నీ ఆ చిన్న ఫైల్లోకి కాపీ చేసేస్తుంది, బోర్డు మీద పేరు రాయమంటే పిండి పూసినట్టు. పాత ఈమాక్స్‌లకు ట్రాన్సియెంట్ మెనూను నిర్వచించే మాక్రో తెలియదు. అందుకే మ్యాజిట్ గుర్తు పక్కనే, అదే లైన్లో, కమాండ్ పేరు, ఫైలు పేరు ఇచ్చి ఆటోలోడ్‌ను విడిగా రాస్తుంది. చివర్లో ఒక టి ఉంటుంది. ఇది యూజర్ నేరుగా పిలవగల కమాండ్ అని దాని అర్థం. అది లేకపోతే మెటా-ఎక్స్ (పేరుతో కమాండ్‌ను పిలిచే కీ) జాబితాలో పేరే కనిపించదు.

మీ ప్యాకేజీ ఫైలు తలలో ప్యాకేజ్-రిక్వైర్స్ లైను (దీనికి ఏ ఇతర ప్యాకేజీలు కావాలో చెప్పేది) కూడా చూసుకోండి. మీ మెనూకు కావలసిన ట్రాన్సియెంట్ కనీస వెర్షన్ అక్కడ ఉండాలి. లేకపోతే ఈమాక్స్ తనతో వచ్చిన పాతదానితోనే సరిపెట్టుకుంటుంది.