డబ్ల్యూ-8బీఈఎన్‌లో లేని గడి

అమెరికా సెనేటర్ బెర్నీ మొరెనో 2025 సెప్టెంబర్‌లో ప్రవేశపెట్టిన ‘హైర్’ బిల్లు మీద చర్చ మళ్లీ రాజుకుంది. అమెరికా వినియోగదారులకు ఉపయోగపడే పనిని విదేశీయులతో చేయించుకుంటే, ఆ చెల్లింపు మీద 25 శాతం ఎక్సైజ్ సుంకం కట్టాలన్నది ఆ బిల్లు సారం. పైగా ఆ చెల్లింపును వ్యాపార ఖర్చుగా చూపుకొనే వీలు కూడా ఉండదు. చర్చంతా పెద్ద ఐటీ కంపెనీల షేర్ల చుట్టూ తిరుగుతోంది. వాటికి లాయర్లున్నారు, ఆడిటర్లున్నారు, ఢిల్లీలో వాటి గోడు వినేవాళ్లూ ఉన్నారు. గుంటూరులోనో హనుమకొండలోనో మేడ మీది గదిలో కూర్చుని టెక్సస్ కంపెనీకి కోడ్ రాసేవారికి, వీడియోలు ఎడిట్ చేసేవారికి, లెక్కలు చూసిపెట్టేవారికి అలాంటి అండ ఏదీ లేదు. అమెరికా కంపెనీల పుస్తకాల్లో వాళ్లు ‘కాంట్రాక్టర్లు’. వాళ్లకూ అమెరికా పన్నుల వ్యవస్థకూ ఉన్న బంధమంతా ఒక్క పేజీ కాగితం. దాని పేరే డబ్ల్యూ-8బీఈఎన్.

వై2కే నాటి నుంచి మన ఊళ్లకు అమెరికా పని ఎలా వచ్చిందో అందరికీ తెలిసిందే. ఆ కథ జోలికి వెళ్లను. ఈ గొడవ అర్థం కావాలంటే ఒక్క సూత్రం తెలిస్తే చాలు. అమెరికా ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, శ్రమకు వచ్చే సొమ్ము ఆ శ్రమ జరిగిన చోట పుట్టినట్టు లెక్క. డబ్బు ఏ దేశపు బ్యాంకు నుంచి వచ్చింది, పని చేయించుకున్నది ఎవరు అన్నవి ఇక్కడ లెక్కకు రావు. గుంటూరులో చేసిన పనికి వచ్చే సొమ్ము గుంటూరులో పుట్టిన ఆదాయమే. అమెరికాలో పుట్టిన ఆదాయాన్ని విదేశీయుడికి చెల్లించేటప్పుడు మామూలుగా 30 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలి, 1042-ఎస్ అనే ఫారంలో చూపాలి. గుంటూరు ఆదాయానికి ఆ కోతా లేదు, ఆ ఫారమూ లేదు. అమెరికాలోని కాంట్రాక్టర్లకు ఇచ్చే 1099-ఎన్ఈసీ కూడా ఇవ్వనక్కర్లేదు. అయితే ‘ఈ మనిషి అమెరికన్ కాదు’ అనడానికి కంపెనీ దగ్గర ఏదో ఒక ఆధారం ఉండాలి. అది లేకపోతే అమెరికన్‌గానే భావించి 24 శాతం కోత పెట్టాల్సి రావచ్చు. డబ్ల్యూ-8బీఈఎన్ ఉన్నది ఆ ఆధారం కోసమే. దాన్ని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు పంపరు, కంపెనీ తన ఫైల్లో దాచుకుంటుంది.

ఫారం చిన్నదే కానీ మనవాళ్లను బాగానే తిప్పలు పెడుతుంది. పాన్ కార్డు మీద ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో వెనక్కి వెళుతుంది, బ్యాంకు ఖాతాలో ఒక్క అక్షరమై మిగులుతుంది. ఫారంలో ఏది రాయాలి? ఆధార్ మీద చిరునామా చాలామందికి ‘కేరాఫ్’తో మొదలవుతుంది. ఫారం ఏమో కేరాఫ్ చిరునామా పనికిరాదని మూడో వరుసలోనే చెబుతుంది. పుట్టిన తేదీలో ముందు నెల, తర్వాత రోజు రాయాలి. ఆగస్టు 5న పుట్టినవాళ్లు అలవాటు కొద్దీ రోజు ముందు రాసి మే 8న పుట్టినవాళ్లయిపోతారు.

ఇవన్నీ దిద్దుకోదగ్గ తప్పులు. అసలు తప్పు రెండో భాగంలో జరుగుతుంది. అది పన్ను ఒప్పందం కింద రాయితీ కోరేవారికి. భారత్, అమెరికాల మధ్య 1989లో ఒప్పందం కుదిరిందని, అందులో సాంకేతిక సేవల రుసుముకు 15 శాతం రేటు ఉందని ఎక్కడో చదివి, జాగ్రత్తపడుతున్నామనుకుంటూ అక్కడ 15 అని రాసేస్తారు. అలా రాయడమంటే తన సొమ్ము అమెరికాలో పుట్టిందని తానే చెప్పినట్టు అనిపిస్తుంది. అటువైపు గుమాస్తా అదే నిజమనుకుని ప్రతి చెల్లింపులో 15 శాతం కోసేస్తాడు. సున్నా పడాల్సిన చోట 15 పడుతుంది. ఆ డబ్బు వెనక్కి రావాలంటే ముందు ఐటిన్ అనే అమెరికా పన్ను గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలి, ఆ తర్వాత 1040-ఎన్ఆర్ రిటర్ను వేయాలి. నాలుగు వందల డాలర్ల కోసం అంత దూరం వెళ్లే ఓపిక ఎవరికుంటుంది?

ఇప్పటి గొడవకు మూలం 2010లో ఉందని నా అభిప్రాయం. ఆ ఏడాది మార్చి 18న ఒబామా సంతకం చేసిన చట్టం పేరు కూడా ‘హైర్’ చట్టమే. ఇంగ్లిష్ పొడి అక్షరాలు ఒకటే కానీ విప్పితే అర్థం వేరు. అది మాంద్యం నాళ్లలో ఉద్యోగాలిచ్చిన కంపెనీలకు ప్రోత్సాహకాల చట్టం. ఆ ప్రోత్సాహకాలకు డబ్బు సమకూర్చడానికి దాని తోకకు కట్టిందే ఫాట్కా. విదేశీ ఖాతాల్లో దాగిన అమెరికన్లను పట్టుకోవడం దాని లక్ష్యం. దాని దెబ్బకు 2014లో ఈ ఫారం తిరగరాశారు. అంతకుముందు వ్యక్తులకూ సంస్థలకూ ఒకే కాగితం ఉండేది. సంస్థలకు డబ్ల్యూ-8బీఈఎన్-ఈ అని పేజీలకు పేజీల మరో ఫారం పుట్టింది. భారత్ 2015 జులైలో ఫాట్కా ఒప్పందం మీద సంతకం చేసింది. మన బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్లు ఇప్పటికీ ‘మీరు అమెరికా పన్ను పరిధిలోకి వస్తారా’ అని అడిగేది అందుకే. స్విస్ బ్యాంకు ఖాతాల కోసం వేసిన వలలో గుంటూరు ఫ్రీలాన్సరు కూడా ఉన్నాడు. కాకపోతే ఆ వల అతన్ని గుర్తించి వదిలేసింది. పని ఎక్కడ జరిగిందన్న సూత్రం జోలికి అది పోలేదు.

ఆ సూత్రాన్ని ఆ 2010లోనే మరొకరు విరిచారు. అదీ మన ఢిల్లీలో.

గుజరాత్‌లోని దహేజ్‌లో పెట్రోనెట్ సంస్థకు ద్రవ సహజవాయువు (ఎల్‌ఎన్‌జీ) టెర్మినల్ కట్టిన కన్సార్టియంలో ఇషికవాజిమా-హరిమా అనే జపాన్ కంపెనీ ఉంది. జపాన్‌లోనే చేసిన డిజైను, ఇంజినీరింగ్ పనికి వచ్చిన సొమ్ము మీద మన ఆదాయపు పన్ను శాఖ పన్ను అడిగింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007 జనవరిలో కోర్టు స్పష్టంగా చెప్పింది: సేవ భారత్‌లో వినియోగమైతే చాలదు, భారత్‌లో జరిగి కూడా ఉండాలి. అంటే అమెరికా చట్టం పట్టుకున్న తర్కానికి దగ్గరగానే మన కోర్టూ నిలిచింది.

ప్రభుత్వం ఊరుకోలేదు. విదేశీ కంపెనీకి ఇక్కడ ఆఫీసు లేకపోయినా పన్ను పడుతుందని అదే ఏడాది చట్టానికి ఒక వివరణ తగిలించింది. పని బయట జరిగిన సందర్భానికి ఆ మాటలు సరిపోవని కర్ణాటక హైకోర్టు జిందాల్ థర్మల్ పవర్ కేసులో తేల్చింది. అప్పుడు 2010 ఫైనాన్స్ చట్టంలో ఏ సందేహానికీ తావు లేకుండా రాశారు: విదేశీయుడు భారత్‌లో సేవ చేసినా చేయకపోయినా పన్ను పడుతుంది. ఎప్పటి నుంచి? 1976 జూన్ 1 నుంచి! ముప్పై నాలుగేళ్లు వెనక్కి. 1976లో ఈ పన్ను సెక్షన్ పెట్టినప్పటి నుంచీ తమ ఉద్దేశం అదేనని ప్రభుత్వం చెప్పుకొంది. ఉద్దేశం అంత స్పష్టంగా ఉంటే మూడేళ్లలో రెండుసార్లు రాయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో మాత్రం చెప్పలేదు.

ఆ సవరణ ఫలితం ఈనాటి హైదరాబాద్ స్టార్టప్‌కు బాగా తెలుసు. ఓహయోలో ఉన్న డిజైనరుకు వెయ్యి డాలర్లు పంపాలంటే ముందు ఇది సాంకేతిక సేవ కిందికి వస్తుందా అని తేల్చుకోవాలి. వస్తే మన చట్టం ప్రకారం 20 శాతం. 2015 నుంచి 10 శాతంగా ఉన్న రేటు 2023లో రెట్టింపయింది. ఒప్పందం అడ్డం పెట్టుకోవాలంటే ఆ డిజైనరు తన దేశం నుంచి నివాస ధ్రువపత్రం తేవాలి, 2026 మార్చి దాకా 10ఎఫ్ అనిపించుకున్న ఫారం మన పోర్టల్‌లో నింపాలి. 2022 జులైలో ఆ ఫారాన్ని ఆన్‌లైన్‌కు మార్చినప్పుడు పాన్ లేనివాళ్లు లాగిన్ కూడా కాలేకపోయారు, గడువులు పొడిగిస్తూ పోయారు. వీటి మీద చెల్లింపు వివరాలతో మరో ఫారం (2026 మార్చి దాకా 15సీఏ), మొత్తం పెద్దదైతే చార్టర్డ్ అకౌంటెంటు సంతకంతో ఇంకొకటి (అప్పటిదాకా 15సీబీ). మనవాడు ఒక్క పేజీ నింపి బయటపడుతుంటే, ఓహయో డిజైనరు ఎన్ని గడపలు తొక్కాలో చూడండి.

ఇంకో అడుగు 2016లో పడింది. విదేశీ వేదికల్లో ఇచ్చే ఆన్‌లైన్ ప్రకటనల చెల్లింపుల మీద 6 శాతం ఈక్వలైజేషన్ లెవీ వేశారు. దాన్ని ఆదాయపు పన్ను చట్టంలో కాకుండా ఫైనాన్స్ చట్టంలో విడి అధ్యాయంగా పెట్టారు. ఆదాయపు పన్ను కానప్పుడు ఒప్పందాలు వర్తించవన్నది అందులోని కిటుకు. 2020లో ఈ-కామర్స్ మీద మరో 2 శాతం చేరింది. అది తమ కంపెనీల మీద వివక్షేనని అమెరికా వాణిజ్య ప్రతినిధి 2021 జనవరిలో తేల్చారు. ఆ జూన్‌లో కొన్ని భారతీయ సరుకుల మీద 25 శాతం అదనపు సుంకం ప్రకటించి, ప్రకటించిన రోజే నిలిపి ఉంచారు. చివరకు 2 శాతం లెవీ 2024 ఆగస్టులో, 6 శాతం లెవీ 2025 ఏప్రిల్‌లో పోయాయి. హైర్ బిల్లు వచ్చింది ఆ తర్వాత అయిదు నెలలకు.

ఇప్పుడు ఆ బిల్లును పక్కన పెట్టుకుని చదవండి. పని ఎక్కడ జరిగిందని అది అడగదు, ఫలం అమెరికా వినియోగదారుకు అందిందా అని అడుగుతుంది. 2010 నాటి మన సవరణ ఆనవాళ్లు అందులో ఉన్నాయి. దాన్ని ఆదాయపు పన్ను అనకుండా ఎక్సైజ్ సుంకం అన్నారు. 1989 ఒప్పందం రెండో అధికరణం అమెరికా వైపు ఆదాయపు పన్నుతోపాటు విదేశీ బీమా ప్రీమియాల మీది ఎక్సైజ్ సుంకం లాంటి ఒకటి రెండిటినే ప్రస్తావిస్తుంది. కొత్త సుంకం ఆ గోడ బయటే ఉంటుంది. ఇది 2016 నాటి మన కిటుకే. బొగోటాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చిన మొరెనో, తమ పట్టభద్రులకు దక్కాల్సిన ఉద్యోగాలు బయటికి పోతున్నాయని అంటున్నారు. వసూలైన సొమ్మును ఉద్యోగ శిక్షణకు వాడతామనీ చెబుతున్నారు. ఆయన్ని తిట్టే హక్కు గుంటూరు ఫ్రీలాన్సరుకు ఉంది. ఢిల్లీకి ఉందా అన్నది వేరే సంగతి.

లెక్క చూస్తే దెబ్బ ఎంతో తెలుస్తుంది. అమెరికా కంపెనీ మనవాడికి 100 డాలర్లు ఇస్తే, అది ఖర్చుగా పోయి 21 శాతం కార్పొరేట్ పన్ను తగ్గుతుంది కాబట్టి చేతి నుంచి పడేది 79 డాలర్లు. బిల్లు చట్టమైతే ఆ మినహాయింపు ఉండదు, మీద 25 సుంకం పడుతుంది. మొత్తం 125. కోత మనవాడి చెక్కులో కనిపించదు, కట్టేది కంపెనీయే. కానీ వచ్చే ఏడాది రేటు మాట్లాడుకునేటప్పుడు ఆ తేడా ఎవరి నెత్తిన పడుతుందో ఊహించడం కష్టం కాదు. ఇలాంటిదే చప్పుడు లేకుండా ఒకటి ఇప్పటికే అమల్లో ఉంది. సాఫ్ట్‌వేర్ అభివృద్ధి విదేశంలో జరిగితే ఆ ఖర్చును 2022 నుంచి 15 ఏళ్ల మీద పంచి చూపుకోవాలి. స్వదేశంలో జరిగిన పనికి ఒకేసారి చూపుకొనే వీలును 2025లో తిరిగి ఇచ్చారు, బయటి పనికి మాత్రం ఇవ్వలేదు.

డబ్ల్యూ-8బీఈఎన్ సంతకం చేసిన ఏడాది పోను మరో మూడేళ్లు నడుస్తుంది. 2023లో ఏ తేదీన ఇచ్చినా 2026 డిసెంబర్ 31తో దాని గడువు తీరుతుంది. కాబట్టి చాలామందికి కొత్త ఫారం నింపమని మెయిళ్లు వస్తాయి. నింపేటప్పుడు ఒకసారి పై నుంచి కింది దాకా చూడండి. పేరు, పౌరసత్వం, చిరునామా, పాన్, పుట్టిన తేదీ అన్నీ ఉంటాయి. పని ఎక్కడ చేస్తారు అన్న గడి ఒక్కటే ఉండదు. సొమ్మంతా దాని మీదే ఆధారపడినా ఆ ఫారం అడగదు. తెలిసినవాళ్లు ఆ మాటను ఇన్వాయిస్ అడుగున తామే రాసుకుంటారు: ‘ఈ పని పూర్తిగా గుంటూరులో, అమెరికా వెలుపల చేసినది.’ ఇప్పటి చట్టం కింద ఆ ఒక్క వాక్యం 30 శాతం విలువ చేస్తుంది. మొరెనో బిల్లు కింద ఆ వాక్యాన్ని చదివేవాళ్లుండరు.