ఖోర్ అబ్దుల్లా: 1963లో సంతకం, 1990లో యుద్ధం

ఖోర్ అబ్దుల్లా గొడవ మళ్లీ రాజుకుంది. ఇరాక్, కువైట్ మధ్య ఉన్న ఈ సన్నని జలమార్గంలో ఓడల రాకపోకలు ఎలా సాగాలో రెండు దేశాలు 2012లో ఒప్పందం రాసుకున్నాయి. మరుసటి ఏడాది ఇరాక్ పార్లమెంటు దాన్ని ఆమోదించింది. పదేళ్ల తర్వాత, 2023 సెప్టెంబరులో, ఆ ఆమోదమే చెల్లదని ఇరాక్ ఫెడరల్ సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇలాంటి ఒప్పందానికి మూడింట రెండొంతుల మంది సభ్యుల మద్దతు కావాలి, అది లేదు అన్నది కోర్టు చెప్పిన కారణం.

చదివేవాళ్లకు ఇది సాంకేతిక విషయంలా అనిపించవచ్చు. కువైట్‌కు మాత్రం గుండెల్లో రాయి పడింది. ‘సంతకం పెట్టాం గానీ ఆమోదం సరిగా జరగలేదు’ అన్న మాట బాగ్దాద్ నుంచి వాళ్లు వినడం ఇది మొదటిసారి కాదు.

1990 ఆగస్టు 2 తెల్లవారకముందే సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగడం, తగలబడిన చమురు బావులు, అమెరికా సేనల రాక ఇవన్నీ తెలిసినవే. కడప, గోదావరి జిల్లాల నుంచి అక్కడికి వలస వెళ్లిన కుటుంబాలకు ఆ రోజులు ఇంకా బాగా గుర్తు. అమ్మాన్ మీదుగా విమానాల్లో సుమారు 1.7 లక్షల మంది భారతీయులు ఇంటికి చేరారు. యుద్ధానికి కారణం చమురు ధర అని, ఇరాన్‌తో ఎనిమిదేళ్లు పోరాడి ఇరాక్ మీదేసుకున్న అప్పులని చెబుతారు. రెండూ నిజమే. కానీ అప్పు కోసం ఒక దేశం ఇంకో దేశాన్ని మొత్తంగా మింగేయదు. అంత ధైర్యం ఎక్కడిదో తెలియాలంటే 1963 అక్టోబరు 4కు వెళ్లాలి.

అంతకు రెండేళ్ల ముందు, కువైట్‌కు స్వాతంత్ర్యం వచ్చిన వారంలోనే ఇరాక్ పాలకుడు అబ్దుల్ కరీం ఖాసిం అది తమదేనన్నాడు. బ్రిటిష్ సేనలు దిగాక ఆగాడు. 1963 ఫిబ్రవరిలో ఖాసింను చంపి బాత్ పార్టీ అధికారంలోకి వచ్చింది. అక్టోబరులో కొత్త ప్రధాని అహ్మద్ హసన్ అల్ బకర్, కువైట్ తరఫున సబా అల్ సాలిం బాగ్దాద్‌లో ఒక కాగితంపై సంతకాలు చేశారు. కువైట్ స్వాతంత్ర్యాన్ని, 1932లో ఇరాక్ ప్రధాని తన లేఖలో రాసిన సరిహద్దును ఇరాక్ గుర్తిస్తోందన్నది దాని సారాంశం. కువైట్ ఇరాక్‌కు 3 కోట్ల దినార్ల అప్పు కూడా ఇచ్చింది. 1964 జనవరిలో ఆ పత్రాన్ని ఐక్యరాజ్యసమితిలో నమోదు చేయించి, పని అయిపోయిందనుకుంది.

అయిపోలేదు. కాగితం మీద మాటలున్నాయి గానీ నేల మీద గీత లేదు. సరిహద్దు సఫ్వాన్ ఊరి బావులు, జబల్ సనాం కొండ, ఉమ్ ఖసర్ రేవు ఇరాక్‌కు వదిలి వాటికి దక్షిణంగా తూర్పు వైపు సాగాలి. వర్బా, బుబియాన్ దీవులు కువైట్‌వి. అంతే. సఫ్వాన్‌కు ఎంత దక్షిణంగా? ఒకప్పుడు బ్రిటిష్ అధికారి అక్కడ ఒక బోర్డు పాతాడు. ఊరి చివరి ఖర్జూర చెట్టు నుంచి మైలు దూరం అన్నది లెక్క. చెట్లు మారతాయి, బోర్డును పీకేశారు. ఆ ఎడారి కింద రుమైలా చమురు క్షేత్రం ఉంది కాబట్టి ప్రతి వంద మీటర్లకూ విలువ ఉంది.

గీత గీద్దాం రమ్మని కువైట్ అడుగుతూనే ఉంది. 1973 మార్చిలో ఇరాక్ సేనలు కువైట్‌కు చెందిన సమీతా సరిహద్దు పోస్టుపై పడ్డాయి. అప్పుడు ఇరాక్ అధ్యక్షుడు ఎవరంటే, పదేళ్ల క్రితం స్వయంగా సంతకం పెట్టిన అల్ బకరే. అప్పుడూ కన్ను వర్బా, బుబియాన్ మీదే. 1989 ఫిబ్రవరిలో కువైట్ యువరాజు షేక్ సాద్ సరిహద్దు తేల్చుకుందామని బాగ్దాద్ వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

ఇరాక్ బాధలో నిజం లేకపోలేదు. దాని సముద్ర తీరం 60 కిలోమీటర్లు కూడా లేదు. ఇరాన్ యుద్ధంలో సరిహద్దు నది షత్ అల్ అరబ్ మూతపడ్డాక ఓడలకు ఉమ్ ఖసర్ తప్ప దారి లేదు. అక్కడికి చేర్చే ఖోర్ అబ్దుల్లా వర్బా, బుబియాన్ పక్క నుంచే సాగుతుంది.

1990 జులైలో టెన్షన్ పెరిగింది. కువైట్ చమురు దేశాల సంఘం ఒపెక్ పెట్టిన కోటా మించి చమురు తీస్తూ ధర పడగొడుతోందని, రుమైలా నుంచి 240 కోట్ల డాలర్ల చమురు దొంగిలించిందని ఇరాక్ అరబ్ లీగ్‌కు లేఖ రాసింది. కోటా మించిన మాట వాస్తవం. ఆ లేఖలోనే, తాము యుద్ధంలో మునిగి ఉండగా కువైట్ తమ భూమిలోకి జరిగిందని ఇంకో ఆరోపణ ఉంది. కువైట్ జవాబులో ఇచ్చిన సూచన ఒక్కటే: అరబ్ లీగ్ కమిటీ వేసి సరిహద్దు తేల్చండి. ఇరాక్ ఒప్పుకోలేదు. ఆగస్టు 1న జెద్దాలో చర్చలు విఫలమయ్యాయి.

ఆక్రమించాక సద్దాం చేసిన పని చూడండి. కువైట్‌ను 19వ రాష్ట్రంగా ప్రకటించాడు. కానీ రుమైలా వైపు ఉత్తర భాగాన్ని, వర్బా, బుబియాన్‌లను అందులో కలపలేదు. విడిగా కోసి ఇరాక్‌లోని బస్రా రాష్ట్రానికి అంటించాడు. మిగతాది వదులుకోవాల్సి వచ్చినా ఇది చేజారకూడదన్న లెక్క ఆ మ్యాప్‌లోనే కనిపిస్తుంది.

యుద్ధంలో ఓడాక ఐరాస కమిషన్ సరిహద్దు గీసింది. 1992లో ఇరాక్ విదేశాంగ మంత్రి రాసిన నిరసన లేఖలో పాత వాదనే ఉంది: 1963 పత్రం రాజ్యాంగబద్ధంగా ఆమోదం పొందలేదు కాబట్టి చెల్లదు. 1993 మేలో భద్రతా మండలి 833వ తీర్మానంతో గీతను ఖాయం చేసింది. 1994 నవంబరులో ఇరాక్ దాన్ని ఒప్పుకున్నప్పుడు ఒక్క సంతకంతో సరిపెట్టలేదు. సద్దాం డిక్రీ, జాతీయ అసెంబ్లీ ప్రకటన రెండూ చేతికొచ్చాకే దాన్ని అంగీకారంగా లెక్కగట్టారు.

సముద్రంలో ఆ గీత 162వ నంబరు గుర్తు దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి బయటి సముద్రం దాకా గీయాల్సింది ఇంకా ఉంది. ఒకవైపు ఇరాక్ ఫావ్ దగ్గర, మరోవైపు కువైట్ బుబియాన్‌పై పెద్ద రేవులు కడుతున్నాయి. మిగతా గీత కోసం కూర్చుందామని కువైట్ అడుగుతోంది. అలా కూర్చునే ముందు 2012 ఒప్పందం బతికే ఉందని ఇరాక్ చెప్పాలి. ఆ మాట పార్లమెంటులో మూడింట రెండొంతుల ఓట్లతో చెప్పించగల నాయకుడు ఇప్పటికి బాగ్దాద్‌లో కనిపించడం లేదు.