ఒంటరిగా చింక్వె తెర్రె వెళ్ళే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇటలీలో చదువుకుంటున్న మీలో చాలామందికి రెండు రోజులు సెలవు దొరికితే చాలు, చింక్వె తెర్రె గుర్తొస్తుంది. సముద్రపు ఒడ్డున కొండల మీద వరుసగా ఉన్న ఐదు చిన్న ఊళ్ళ పేరది: మోంతెరోస్సో, వెర్నాత్సా, కోర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరె. ఒక్కరే వెళ్ళినా ఇబ్బంది లేని చోటు. ఐదు ఊళ్ళకూ రైలుంది, దారి తప్పడం కష్టం. కాకపోతే ఐదూ ఒక్క రోజులో చుట్టేయాలని పెట్టుకున్నారంటే సొరంగాలూ ప్లాట్‌ఫారాలూ చూసి వస్తారు. మూడు ఊళ్ళు చాలు.

ముందు ఆ నేల తీరు తెలుసుకోండి. ఈ ఊళ్ళున్న లిగూరియా ప్రాంతపు తీరంలో కొండ నిటారుగా సముద్రంలోకి దిగిపోతుంది. మోంతెరోస్సోను మినహాయిస్తే చదును నేల లేదనే అనాలి. అక్కడివాళ్ళు శతాబ్దాలపాటు కొండను మెట్లు మెట్లుగా తొలిచి, రాతి గోడలు పేర్చి, వాటి వెనక మట్టి నింపి ద్రాక్ష తీగలు పెంచారు. ఆ గోడల్లో సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి, అంతే. అది తెలివైన పని. వాన నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. సందులు పూడ్చేస్తే వెనక మట్టి నీళ్ళు తాగి ఉబ్బి గోడను తోసేస్తుంది. ఈ పొడిరాతి గోడల విద్యను యునెస్కో 2018లో ఇటలీతో పాటు మరి కొన్ని దేశాల పేరున వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ ఊళ్ళు, వాటి చుట్టూ ఉన్న కొండలు 1997 నుంచే ప్రపంచ వారసత్వ స్థలం. ఫొటో కోసం గోడ అంచున నిలబడకండి. పై వరుస రాయి ఒక్కటి కదిలితే తర్వాతి వానకు మిగతాది జారుతుంది. సేద్యం మానేసిన చోట గోడలు కూలి కొండచరియలు విరిగిపడేది ఇలాగే.

ఇక ప్రయాణం. మిలాన్ నుంచి ఈ ఊళ్ళ పక్కనున్న పట్నం లా స్పెత్సియాకు రైల్లో సుమారు మూడు గంటలు. పొద్దున్నే బయల్దేరి రాత్రికి వెనక్కి రావాలనుకోకండి. ముందు రోజు రాత్రి లా స్పెత్సియాలో పడుకోండి, ఊళ్ళలోకన్నా గది చవక. ఎప్పుడు వెళ్ళాలని అడిగితే మేలో గానీ సెప్టెంబరు చివర్లో గానీ వెళ్ళమని చెప్తాను. ఆగస్టులో ఎండా, జనమూ రెండూ భరించలేరు.

పొద్దున ఎనిమిదిలోపు లెవాంతో వైపు వెళ్ళే చింక్వె తెర్రె ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముందుగా దూరపు ఊరు మోంతెరోస్సోలో దిగండి. కాగితపు టికెట్‌ను ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి. ఫోన్‌లో కొన్న ప్రాంతీయ రైలు టికెట్‌కు చెక్-ఇన్ నొక్కాలి. డబ్బు పెట్టి టికెట్ కొని కూడా జరిమానా కట్టే పిల్లలు ఈ రెండింటిలో ఒకటి మర్చిపోయినవాళ్ళే. నడకా రైలూ రెండూ కావాలి కాబట్టి రెండూ కలిసిన చింక్వె తెర్రె జాతీయ పార్కు కార్డు తీసుకోండి. ధర తేదీని బట్టి మారుతుంది.

వెర్నాత్సా, రియోమజ్జోరెల్లో ఒక సంగతి గుర్తుంచుకోండి. ప్లాట్‌ఫారం పొడవు చాలక కొన్ని పెట్టెలు సొరంగంలోనే ఆగుతాయి. చీకటి చూసి ఇంకా స్టేషన్ రాలేదనుకుని కూర్చుంటే పక్క ఊరికి పోతారు. రైలు ఆగగానే తలుపు మీది బటన్ నొక్కి దిగిపోండి. జేబుదొంగలు చేయి చాపేది కూడా రైలెక్కే తొక్కిసలాటలోనే, సంచి ముందుకు తగిలించుకోండి.

మోంతెరోస్సో నుంచి వెర్నాత్సాకు కాలిబాట మూడున్నర కిలోమీటర్లే, కానీ రెండు గంటలు పడుతుంది. మొదట్లోనే మెట్లు దమ్ము తీస్తాయి. దీన్ని పొద్దున్నే ఎందుకు నడవమంటున్నానంటే, తీరం నైరుతి ముఖంగా ఉంది. సూర్యుడు కొండ వెనక నుంచి లేస్తాడు, అందుకని పొద్దున కొంతసేపు నీడ దొరుకుతుంది. మధ్యాహ్నం నుంచి ఎండంతా ఆ వాలు మీదే. ఇటునుంచి వెళ్తే ఇంకో లాభం, దిగబోయే మలుపులో వెర్నాత్సా రేవు, గుడి, కోట మొత్తం కాళ్ళ కింద కనిపిస్తాయి. లీటరున్నర నీళ్ళు, అడుగు పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి. హవాయి చెప్పులతో బాట ఎక్కితే జరిమానా ఉంది. వాన హెచ్చరిక వచ్చిన రోజు బాటలు మూసేస్తారు, ముందు రాత్రే పార్కు వెబ్‌సైట్ చూసుకోండి. ఒంటరిగా నడుస్తున్నారు కాబట్టి ఏ బాట ఎక్కుతున్నారో, ఎన్నింటికి దిగుతారో ఇంట్లోవాళ్ళకు ఒక మెసేజ్ పెట్టండి. ప్రమాదమైతే 112.

వానకు ఎందుకంత భయమంటే, వెర్నాత్సా ప్రధాన వీధి కిందే కప్పేసిన వాగు ఉంది. 2011 అక్టోబరు 25న కుండపోతకు కొండల మీది మట్టీ రాళ్ళూ ఆ వీధి వెంట దొర్లి వచ్చి దుకాణాలను బురదలో ముంచేశాయి. మోంతెరోస్సోకూ ఆ రోజే దెబ్బ తగిలింది.

తిండి సంగతి. మాంసం తినని వాళ్ళకు ఫరినాతా ఉత్తమం: శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్ళెంలో పోసి పొయ్యిలో కాల్చిన మందపాటి అట్టు. పెస్తో అనే ఆకుపచ్చటి పచ్చడి ఈ లిగూరియాదే. అందులో రుబ్బే బాసిలికో మన సబ్జా గింజలు కాసే మొక్క ఆకే. పూర్తి శాకాహారులు ఒకటి గమనించండి, పెస్తోలో వేసే పార్మిజానో జున్నును దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో గడ్డకట్టిస్తారు. జాబితాలో ‘అచ్చూగె’ అని ఉంటే చేపలు; మోంతెరోస్సోవాళ్ళకు వాటి మీద గర్వం. బల్ల దగ్గర కూర్చుంటే ‘కోపెర్తో’ అని తలకింత బిల్లులో పడుతుంది, అది మోసం కాదు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక.

నడుమనున్న కోర్నీల్యాను వదిలేయమంటున్నాను. అది సముద్రానికి వంద మీటర్ల ఎత్తున ఉంది, స్టేషన్ నుంచి 382 మెట్లు. అలిపిరి ఎక్కినవాళ్ళకు అది లెక్క కాదు గానీ, నడిచొచ్చిన కాళ్ళతో మధ్యాహ్నపు ఎండలో ఎక్కడం వేరు. రేవు లేదు కనుక పడవలూ ఆగవు. ఓపికుంటే స్టేషన్ దగ్గర చిన్న బస్సుంది.

సాయంత్రం నాలుగు దాటాక వెర్నాత్సా నుంచి మనరోలాకు రైలెక్కండి. రేవు పక్క నుంచి పుంతా బొన్‌ఫీల్యో వైపు పది నిమిషాలు నడిస్తే ఊరు మొత్తం ఎదురుగా ఉంటుంది, సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు. వెనక కొండ మీది ద్రాక్ష అంతస్తులూ చూడండి. అక్కడక్కడా సన్నటి ఒంటి రైలు పట్టా కనిపిస్తుంది, కోత కాలంలో ద్రాక్ష బుట్టలు దాని మీదే దిగుతాయి. రియోమజ్జోరెకూ మనరోలాకూ మధ్య ఉన్న ‘ప్రేమ బాట’ 2012లో రాళ్ళు పడి మూతపడింది, 2024లో మళ్ళీ తెరిచారు. నడవాలనుంటే ముందుగానే సమయం బుక్ చేసుకోవాలి.

బయల్దేరే ముందు ‘షోపెరో’ అనే మాట కోసం రైల్వే వార్తలు చూడండి. సమ్మె అని అర్థం. పనిరోజుల్లో సమ్మె జరిగినా ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని ప్రాంతీయ రైళ్ళు తప్పక నడుస్తాయి. సూర్యాస్తమయం చూసుకుంటూ ఆ రెండో గడువు దాటనివ్వకండి.

మీ పెద్దమ్మ