మెరక చేను, పల్లపు మడి

చిన్నోడికీ, అమ్మలుకీ తాతయ్య ఆశీస్సులు.

"ఆర్డునో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి పెడితే బాగానే పనిచేసిన నీటిమట్టం సెన్సార్, ఈఎస్పీ32 అనే ఇంకో బోర్డు పిన్నుని ఎందుకు చంపేసింది తాతయ్యా?" అని అడిగారు. ట్యాంకు ఎంత నిండిందో రెండు రోజులు ఫోన్‌లో చూపించి, మూడో రోజు ఆ పిన్ను మూగబోయిందట. మిగతావి బతికే ఉన్నాయి కదా, అంతవరకు నయం.

మన మెరక చేనూ, దాని దిగువన పల్లపు మడీ గుర్తున్నాయిగా? మీ ఊనో, ఆ హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సార్, రెండూ మెరకవి. 5 ఓల్టుల మీద నడుస్తాయి. ఈఎస్పీ32 పల్లపుది, దానికి 3.3 చాలు. సెన్సార్ వేసిన కూత నీళ్ళకు తగిలి తిరిగొచ్చేదాకా, కబురు చెప్పే తన ఎకో పిన్ను మీద 5 ఓల్టులు నిలబెడుతుంది. ఊనోకి అది అలవాటైన నీరే. పల్లపు మడికి మాత్రం వరద.

నాకు పదకొండేళ్ళప్పుడు నాన్న నారుమడికి జానెడు గండి పెట్టమంటే, తొందరగా ఇంటికి పోదామని బారెడు తవ్వాను. నీరు పల్లమెరుగు కదా! గట్టు కోసుకుపోయి నారంతా మూలకు కొట్టుకొచ్చింది. నాన్న తిట్టలేదు. పొద్దుగూకేదాకా నాతో మొక్క మొక్కకూ బురద కడిగించారు. అప్పట్నుంచి ఏది తెరిచినా ముందు ఎంత వస్తుందో చూసుకుంటాను. మీరూ తీగ గుచ్చేముందు బోర్డు మీది అంకెలు చదవండి.

మందు తేలిక. ఎకో నుంచి ఒక 1 కిలోఓమ్ రెసిస్టర్, దాని రెండో కొస నుంచి గ్రౌండుకు, అంటే బోర్డు మీది సున్నా ఓల్టుల పిన్నుకు, 2 కిలోఓమ్‌లు. 2ది లేకపోతే ఒకటి వెనక ఒకటిగా రెండు 1లు కలపండి. ఆ నడిమి ముడి దగ్గర 5లో మూడింట రెండు వంతులు, అంటే 3.3 దొరుకుతుంది. పిన్నుకి అక్కణ్ణుంచి తీగ లాగండి. పొలంలో అయితే పక్కన మురుగుకోడు తీసి కొంత నీరు వదిలేసినట్టు. కాస్త వృథా అవుతుంది, రెండు మిల్లీ ఆంపియర్లు కూడా ఉండదు లెండి.

మరి పల్లం నుంచి మెరకకో, అంటే ఈఎస్పీ32 నుంచి ఊనోకి మాట పంపాలంటేనో? పూర్వం ఇద్దరు నిలబడి గూడ వేసేవాళ్ళు. ఇక్కడ అంత కష్టం లేదు. 5 ఓల్టుల మీద నడిచే ఊనో 3 ఓల్టులు దాటితే "ఆఁ, ఉంది" అంటుంది, కాబట్టి 3.3 గట్టు అంచు తాకుతూ దాటేస్తుంది. తీగ పొడవైతే ఆ కాస్తా నమ్మలేం. అప్పుడు లెవెల్ షిఫ్టర్ అనే చిన్న ముక్క పెట్టాలి. అందులో మాస్ఫెట్ అనే గోరంత ఎలక్ట్రానిక్ స్విచ్చు ఒకటి ఒకే తీగ మీద అటూ ఇటూ కూడా మాట దాటిస్తుంది. నీళ్ళతో అది ఎలా చెప్పాలో ఎంత ఆలోచించినా నాకు తట్టలేదు. ఒకే బోదెలో నీళ్ళు ఎగువకీ దిగువకీ పోవడం నేనెక్కడా చూడలేదు మరి!

ముందు సెన్సార్ తీసేయండి. రెసిస్టర్ల పై కొసకు బోర్డు మీది 5 ఓల్టులు ఇచ్చి, నడిమి ముడి దగ్గర మల్టీమీటర్ పెట్టండి. సరిగ్గా 3.33 రాకపోవచ్చు. యూఎస్‌బీ 4.9 ఇస్తుంటే 3.27 దగ్గర చూపిస్తుంది. వచ్చిన అంకె కాగితం మీద రాసి పంపండి. పోయిన పిన్ను సంగతి మీ అమ్మకి నేను చెబుతాలే.

మీ తాతయ్య