కారు ఇన్సూరెన్స్ చవగ్గా కట్టాలంటే: అపోహలు, వాస్తవాలు

కంపెనీ నుంచి ప్రీమియం కోట్ రాగానే చాలామంది చూసేది అడుగున ఉన్న మొత్తాన్నే. చూడాల్సింది దానికి పైన ఉన్న రెండు భాగాలు: థర్డ్ పార్టీ (మీ కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి), ఓన్ డ్యామేజ్ లేదా ఓడీ (మీ కారుకే జరిగే నష్టానికి). బేరమంతా ఓడీలోనే.

అపోహ: నాలుగు కంపెనీలు తిరిగితే థర్డ్ పార్టీ కూడా తగ్గుతుంది.

తగ్గదు. అది ప్రభుత్వం నిర్ణయించే రేటు. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సీసీ వరకు 3,416, ఆ పైన 7,897. మీద జీఎస్టీ. ఎలక్ట్రిక్ కారుకు 15 శాతం తక్కువ.

అపోహ: డబ్బు కడుతున్నాం కాబట్టి చిన్న సొట్టకైనా క్లెయిమ్ చేయాల్సిందే.

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాదులకు ఓడీలో నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) వరుసగా 20, 25, 35, 45, 50 శాతం వస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నాకి పడుతుంది. బోనస్ తీయకముందు మీ ఓడీ 12,000 అనుకుందాం. 50 శాతం పోను కడుతున్నది 6,000. బంపర్ పగిలింది, బిల్లు 7,000: బంపర్ 4,000, పెయింటు, లేబర్ 3,000. జీరో డిప్ (భాగాల అరుగుదల కింద కోత పెట్టకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. ఆపై తప్పనిసరి కోత 1,000. చేతికి వచ్చేది మహా అయితే 4,000. ఓడీ అంతే ఉంటే, బోనస్ మళ్లీ 50కి చేరేలోపు మీరు అదనంగా కట్టేది 6,000, 3,600, 3,000, 1,800, 600. మొత్తం 15,000! ఇలాంటి వాటికి షెడ్డులో సొంతంగా చేయించుకోవడమే మేలు. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ (అదనపు డబ్బు కట్టి తీసుకునే కవర్) ఉంటే ఏడాదికి ఎన్ని క్లెయిములకు వర్తిస్తుందో పాలసీలో చూసుకోండి.

అపోహ: కారు అమ్మేస్తే బోనస్ కూడా పోయినట్టే.

బోనస్ మనిషిది, బండిది కాదు. అమ్మినట్టు కాగితాలు చూపి పాత కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకోండి. మూడేళ్లు చెల్లుతుంది. కొత్త కారుకు వాడొచ్చు. షోరూమ్‌వాళ్లు తమంతట తాము గుర్తు చేస్తారని ఎదురు చూడకండి. వాళ్ల దగ్గరే పాలసీ తీసుకోవాలన్న రూలూ లేదు. ఆన్‌లైన్ కోట్ చూపించి అడిగితే తరచుగా వాళ్లే దిగొస్తారు. పాలసీ గడువు దాటి 90 రోజులైతే మాత్రం బోనస్ పోతుంది. రాని బోనస్ ఉందని రాయించుకుంటే అసలు క్లెయిమ్ రోజున పట్టుబడతారు.

అపోహ: ఐడీవీ తగ్గిస్తే లాభం.

ఐడీవీ అంటే కారు దొంగల పాలైనా, తుక్కు తుక్కయినా కంపెనీ లెక్కగట్టే విలువ. కొన్ని వందలు మిగులుతాయని 6 లక్షల కారును 5 లక్షలకు దించితే ఆ రోజున లక్ష మీ జేబులోంచే. ఎవరి కోట్ చవగ్గా కనిపించినా ముందు ఐడీవీలు సమానం చేసి, తర్వాత పోల్చండి.

వాలంటరీ డిడక్టబుల్, అంటే క్లెయిమ్‌లో ఇంత మొత్తం మేమే పెట్టుకుంటామని ముందే ఒప్పుకోవడం కూడా అంతే. పాత మోటార్ టారిఫ్‌లో 15,000 మీరే భరిస్తామంటే ఓడీలో 35 శాతం తగ్గింపు, కానీ 2,500 మించకుండా. ఆరేళ్లు క్లెయిమ్ లేకపోతేనే ఒక్క దెబ్బకు సరిపడా మిగులుతుంది. మీ కోట్‌లో ఎంత తగ్గిందో ఇలాగే లెక్కేసుకోండి.

అపోహ: ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే వరదలో ఇంజిన్ పోయినా ఇస్తారు.

వరద నష్టం కవర్ అవుతుంది. కానీ నీళ్లు చేరిన ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తే కథ వేరు. నీళ్లు గాలిలా అణగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. నష్టాన్ని లెక్కగట్టే సర్వేయర్ దాన్ని వరద నష్టంగా కాక, తర్వాత మీరు చేసినదానివల్ల జరిగిన నష్టంగా రాస్తాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు మునిగాయి. అలాంటి పల్లపు ప్రాంతాల్లో ఉంటే ఇలాంటి ఇంజిన్ నష్టానికి వర్తించే ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ మీద పొదుపు చేయకండి. మునిగిన బండికి తాళం తిప్పకుండా బ్యాటరీ తీసి, టోయింగ్‌లోనే పంపండి.

తగ్గించుకోదగ్గవి వేరే ఉన్నాయి. వేరే పాలసీలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటే ఇందులో మళ్లీ కొనక్కర్లేదు. కారు ఎక్కువగా ఇంట్లోనే ఉంటే కిలోమీటర్ల లెక్కన కట్టే యాడ్ ఆన్ అడగండి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు మాత్రం 14 రోజుల్లోపు పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి. లేకపోతే ఓడీ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.