పిత్తనాళం బాగుపడిందని ఎప్పుడు అనవచ్చు?

హైదరాబాదులోని ఉస్మానియా, నిమ్స్ వంటి ఆసుపత్రుల్లో గ్యాస్ట్రో ఓపీ ఉన్న రోజున వరండాలో కూర్చున్నవారిని గమనిస్తే, కొందరి ఒళ్లో బట్టల దుకాణం సంచిలో భద్రంగా చుట్టిన లావుపాటి ఫైలు కనిపిస్తుంది. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఎప్పుడైందని అడిగితే తేదీతో సహా చెబుతారు. ఇప్పుడు తగ్గిందా అంటే మాత్రం, "తగ్గినట్టే ఉంది" అంటారు. పిత్తనాళం దెబ్బతిన్నవారి విషయంలో వైద్యశాస్త్రం చెప్పగలిగిందీ చాలాకాలం పాటు అంతకంటే ఎక్కువేమీ కాదు.

కాలేయంలో తయారయ్యే పైత్యరసం, రోజుకు ముప్పావు లీటరుకు అటూఇటూగా, సుమారు ఆరు మిల్లీమీటర్ల వెడల్పున్న ఒకే నాళం (పిత్తనాళం) గుండా పేగులోకి దిగుతుంది. రాళ్లున్న పిత్తాశయాన్ని (గాల్‌బ్లాడర్‌ను) తీసేటప్పుడు పొరపాటున ఆ నాళానికి క్లిప్పు పడినా, కోత పడినా, రక్తస్రావం ఆపే కరెంటు వేడి తగిలినా, మానిన చోట మచ్చ గట్టిపడి దారి ఇరుకవుతుంది. చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్లలో ఇది వెయ్యిమందిలో ముగ్గురు నుంచి ఆరుగురికి జరుగుతుందని అంచనా. ఇది క్యాన్సరు కాదు; అయినా పట్టించుకోకపోతే కాలేయాన్నే సిరోసిస్‌కు, అంటే మచ్చలతో గట్టిపడి పాడైపోయే స్థితికి, చేర్చగలదు.

చికిత్సకు ప్రధానంగా రెండు దారులున్నాయి. నాళం పూర్తిగా తెగిపోతే, ఇరుకుకు పైనున్న ఆరోగ్యకరమైన భాగాన్ని చిన్నపేగు మడతకు కలిపి కుడతారు. నాళం కొనసాగుతూ ఉంటే ఎండోస్కోపీతో స్టెంట్లు, అంటే దారి తెరిచి ఉంచే చిన్న గొట్టాలు, వేస్తారు: ప్లాస్టిక్‌వైతే దాదాపు మూడు నెలలకోసారి మారుస్తూ, సంఖ్య పెంచుకుంటూ ఏడాది పాటు ఉంచుతారు, పైపూత ఉన్న లోహపు స్టెంటైతే కొన్ని నెలల తర్వాత తీసేస్తారు.

అసలు చిక్కు లెక్క కట్టడంలో ఉంది. స్టెంటు లోపల ఉన్నంతకాలం పైత్యరసం పారడం స్టెంటు గొప్పతనమే గానీ నాళం మానిందనడానికి రుజువు కాదు, కనుక గడియారం స్టెంటు తీసిన రోజునే మొదలవ్వాలి. కుట్టుతో సరిచేసినవారిలో మళ్లీ ఇరుకు వస్తే, అలాంటి కేసుల్లో మూడింట రెండు వంతులు మొదటి 2 ఏళ్లలోనే బయటపడతాయని, దాదాపు 90 శాతం 7 ఏళ్లలోపు తేలుతాయని పాత శస్త్రచికిత్సా అనుభవం చెబుతుంది. మిగిలిన కొద్దిమందికి అంతకంటే ఆలస్యంగానూ రావచ్చు. అందువల్ల ఏడాదికే ప్రకటించే విజయాల శాతాన్ని నేను పచ్చి మామిడికాయను చూసినట్టే చూస్తాను.

మరి దేన్ని చూడాలి? కళ్లు పచ్చబడలేదన్నది చాలదు. రక్తపరీక్షలో కామెర్లను చూపే బిలిరుబిన్ మామూలుగా ఉండగానే, పైత్యరసం దారికి అడ్డుపడితే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము మెల్లగా ఎక్కుతుంది. పైహద్దు 120 ఉన్న ల్యాబులో 150, తర్వాత 210, ఆపై 290 అని కాగితాలు వరుసగా పేర్చితే కథ అర్థమవుతుంది, ఒక్క కాగితంతో అర్థం కాదు. కాలేయం ఎడమ, కుడి వైపుల నుంచి వచ్చి పిత్తనాళంలో కలిసే రెండు నాళాల్లో ఒక్కటే మూసుకుపోతే రెండో వైపు కాలేయం భారమంతా మోస్తుంది. రోగికి కామెర్లు రావు, మూసుకున్న వైపు మాత్రం చిక్కిపోతుంది. దాన్ని పట్టించేది ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్‌ఐ) వంటి స్కానే. అందుకే వైద్యులు ఫలితాన్ని 'బాగుంది, బాగాలేదు' అని రెండుగా చీల్చకుండా మెట్లుగా చూస్తారు: ఏ బాధా లేక పరీక్షలూ మామూలుగా ఉండటం, బాధ లేకున్నా పరీక్షల్లో కొద్దిపాటి తేడా, అప్పుడప్పుడూ చలిజ్వరంతో నొప్పి, చివరగా మళ్లీ ఆపరేషనో వెడల్పు చేయడమో తప్పకపోవడం.

ఇక మళ్లీ రాని రోగుల సంగతి. ఆదిలాబాద్ నుంచో పాలమూరు నుంచో వచ్చిన మనిషి రెండేళ్లుగా కనిపించకపోతే, ఆయన్ను బాగుపడినవారి ఖాతాలో వేయడం తేలిక, కానీ తప్పు. మళ్లీ కామెర్లు వస్తే ఆయన పట్నం రాకుండా ఊళ్లోనే పసరు మందు వేయించుకుని ఉండవచ్చు. నిజాయతీ గల లెక్కలో అలాంటివారిని చివరిసారి చూసిన రోజు వరకే పరిగణించి, అక్కడితో ఆపుతారు.

కాబట్టి జ్వరంతో వణుకు, మూత్రం ముదురు పసుపు రంగుకు మారడం, ఒళ్లంతా దురద వంటివి ఎన్నేళ్ల తర్వాత కనిపించినా ఆ ఫైలు పట్టుకుని రావాలి. అందులో డాక్టరు మొదట వెతికేవి మూడు: నాళం ఏ ఎత్తున దెబ్బతింది, ఎలా కుట్టారు, చివరి స్టెంటు ఏ తేదీన తీశారు.