చెవికి ఒకటే, కంటికి రెండు

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా తొందరలో ‘అక్కడ’ అనే దేర్ రాయాల్సిన చోట ‘వాళ్ల’ అనే దేర్ రాసేస్తుంటారు. అడిగితే తేడా టక్కున చెప్పేస్తారు. మరి రాసేటప్పుడు చెయ్యి ఎందుకు తప్పుతుంది?

రాసేటప్పుడు మాటను మనసులో పలుక్కుంటాం. ముందు వచ్చేది శబ్దం, స్పెల్లింగ్ దాని వెనకాల వస్తుంది. ఒకే శబ్దానికి రెండు స్పెల్లింగులుంటే బాగా అలవాటైనది ముందు దూరిపోతుంది. చదివేటప్పుడూ ఇంతే. 1987లో గై వాన్ ఆర్డన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక మాట చూపించి, ఇది పువ్వేనా అని అడగడమే ప్రయోగం. గులాబీ అనే రోజ్ బదులు ‘వరసలు’ అనే రోజ్‌ని, అంటే ఆర్, ఓ, డబ్ల్యూ, ఎస్ అక్షరాలను చూపిస్తే, అవునని పొరబడినవాళ్లు చాలా ఎక్కువ. అక్షరాలు అంతే దగ్గరగా ఉన్నా శబ్దం వేరైన ‘రాబ్స్’ చూపిస్తే ఆ పొరబాటు బాగా తగ్గింది. కన్ను అక్షరాలు చూస్తున్నా, మెదడు లోపల శబ్దాన్నీ వింటోందన్నమాట. అందుకే ఈ తప్పులను అజాగ్రత్త అని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

అసలు ఒకే పలుకుకు రెండు స్పెల్లింగులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? చాలా జంటలు ఒకప్పుడు వేర్వేరుగానే పలికేవి. వీరుడు అనే నైట్ మొదట్లో ఉన్న ‘కె’ని నోరారా పలికేవారు. మధ్యలో ఉన్న జి, హెచ్‌లకు గొంతు గీరుకునే ‘ఖ్’ లాంటి శబ్దం ఉండేది. రాత్రి అనే నైట్‌కు ఆ ‘ఖ్’ ఉంది కానీ ‘క’ లేదు. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండ్‌కు అచ్చుయంత్రం తెచ్చాక స్పెల్లింగులు మెల్లగా స్థిరపడుతూ వచ్చాయి. నోరు మాత్రం ఆగలేదు. ‘ఖ్’ పోయింది, ‘క’ పోయింది, రెండు నైట్‌లూ ఒకటైపోయాయి.

అచ్చులు మారిన తీరు ఇంకా ఆసక్తికరం. కలుసుకోవడం అనే మీట్‌లో ‘ఏ’ లాంటి దీర్ఘం ఉండేది. మాంసం అనే మీట్‌లోనిది నోరు ఇంకాస్త తెరిచి పలికే దీర్ఘం. సుమారు 1400 నుంచి 1700 దాకా ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ స్థానాలు మారాయి. ఆ మార్పుల్లో ఇవి రెండూ చివరికి ‘ఈ’ దగ్గరికి చేరాయి. కొన్ని మాటలు మాత్రం అంతదూరం వెళ్లలేదు. విరగడం అనే బ్రేక్ ‘ఏ’ దగ్గరే ఆగిపోయింది. అలా ఆగబట్టే బండి ఆపే బ్రేక్‌తో కలిసిపోయి మనకు ఇంకో తికమక మిగిలింది.

పుట్టుక ఒకటే అయి, తర్వాత విడిపోయిన జంటలూ ఉన్నాయి. పిండి అనే ఫ్లవర్, పువ్వు అనే ఫ్లవర్ ఒకప్పుడు ఒకే మాట. ధాన్యంలో మేలైన భాగాన్ని దాని ‘పువ్వు’ అన్నారు, స్పెల్లింగ్ తర్వాత వేరుపడింది. స్టేషనరీ కథ కూడా ఇలాంటిదే. తిరిగి అమ్ముకోకుండా ఒకచోట స్థిరంగా కొట్టు పెట్టుకున్న పుస్తకాల వ్యాపారిని స్టేషనర్ అనేవారు. ‘కదలని’ అనే స్టేషనరీకి, కాగితాలూ కలాల స్టేషనరీకి మూలం ఒకటే. రెండోదాంట్లో ‘ఆర్’కి ముందు వచ్చేది ‘ఇ’ అక్షరం. బేకర్ నుంచి బేకరీ వచ్చినట్టే స్టేషనర్ నుంచి స్టేషనరీ వచ్చిందని గుర్తుంటే ఆ అక్షరం దగ్గర చెయ్యి తడబడదు.